బిల్లు కాగితం మీదికి: ప్రోగ్రామ్‌తో పేజీ కట్టడం

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో తెర మీది పట్టికకు కింది అంచంటూ ఉండదు. వరుసలు పెరిగితే పక్కన స్క్రోల్‌బార్ వస్తుంది, మౌస్ చక్రం తిప్పితే మిగతావి పైకొస్తాయి. కాగితానికి ఆ వెసులుబాటు లేదు. ఏ4 కాగితం 297 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడికి చేరిన వరుస పూర్తిగా పట్టిందా, నడుముకి తెగిందా, తర్వాతి కాగితానికి వెళ్లాలా అన్నది ప్రోగ్రామే తేల్చాలి. ప్రింటర్ తేల్చదు, విండోస్ తేల్చదు. ఇన్‌వాయిస్, జీతాల పట్టీ, మార్కుల జాబితా, స్టాకు రిజిస్టరు, ఏదైనా సరే, కోడ్‌తో ముద్రించడమంటే సగానికి పైగా ఈ లెక్కే. గీయడం తేలిక. ఏది ఎక్కడ గీయాలో గీయకముందే తెలిసి ఉండటం అసలు పని.

ఈ అధ్యాయం డాట్‌నెట్‌లోని విండోస్ ఫార్మ్స్ పద్ధతిని ఆధారంగా తీసుకుంటుంది. 2002లో డాట్‌నెట్ మొదటి వెర్షన్‌తో వచ్చిన ప్రింట్‌డాక్యుమెంట్ క్లాసు ఇప్పటికీ దాదాపు అదే రూపంలో ఉంది. ఉదాహరణకు ఒక టోకు ఎరువుల దుకాణం బిల్లు తీసుకుంటే చాలు: పైన దుకాణం పేరు, చిరునామా, మధ్యలో సరుకుల పట్టిక, చివర మొత్తం. చూడటానికి చిన్న పనే. చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి.

కొలతలు

తెర మీద పిక్సెళ్లకు అలవాటుపడ్డ చెయ్యి కాగితం దగ్గర మొదట తడబడుతుంది. ప్రింట్‌డాక్యుమెంట్ ఇచ్చే గ్రాఫిక్స్ ఆబ్జెక్టులో ఒక యూనిట్ అంటే అంగుళంలో నూరో వంతు. ప్రింటర్ అంగుళానికి 203 చుక్కలదైనా 600 చుక్కలదైనా ఈ లెక్క మారదు. ఏ4 కాగితం ఈ యూనిట్లలో 827 వెడల్పు, 1169 ఎత్తు. మార్జిన్లు ఏమీ మార్చకపోతే నాలుగు వైపులా 100 చొప్పున, అంటే అంగుళం చొప్పున వదిలి ఉంటాయి. మిగిలేది 627 వెడల్పు, 969 ఎత్తు. మార్జిన్‌బౌండ్స్ అనే ప్రాపర్టీ చెప్పేది ఈ దీర్ఘచతురస్రాన్నే.

మిల్లీమీటర్లలో చెప్పిన కొలతను 3.937తో గుణిస్తే యూనిట్లు వస్తాయి. ఈ గుణకారాన్ని కోడ్‌లో పదిచోట్ల చెదరగొట్టకుండా ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టుకోవడం మంచిది. కొలతలు బయటివాళ్లు నిర్ణయించే సందర్భాలు చాలానే ఉంటాయి. కోర్టు కాగితాలనే చూస్తే, 2020లో సుప్రీంకోర్టు ఏ4 కాగితానికి మారినప్పుడు ఎడమ, కుడి 4 సెంటీమీటర్లు, పైన, కింద 2 సెంటీమీటర్లు వదలాలని చెప్పింది. యూనిట్లలో అవి 157, 79. లాయరు ఆఫీసు కోసం రాసే ప్రోగ్రామ్‌లో ఈ రెండు అంకెలు సెట్టింగుల్లో ఉండాలి గాని కోడ్ మధ్యలో పాతుకుపోకూడదు.

కాగితం సైజును డ్రైవర్ ఇష్టానికి వదిలేయడం ఇంకో పొరపాటు. కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికాగా ఉండిపోతే చాలా డ్రైవర్లు లెటర్ సైజును, అంటే 850 వెడల్పు, 1100 ఎత్తును డీఫాల్ట్‌గా చూపిస్తాయి. ట్రేలో ఉన్నది ఏ4. ప్రోగ్రామ్ లెటర్ అడుగుతుంది, ప్రింటర్ లెటర్ కాగితం పెట్టమని లైటు వెలిగించి కూర్చుంటుంది, ఆఫీసులో అందరూ ప్రింటర్‌ను తిడతారు. ప్రింటర్ ఇచ్చే సైజుల జాబితాలోంచి ఏ4ను వెతికి, ఆ సైజునే పేజీ సెట్టింగుల్లో పెడితే ఈ గొడవ ఉండదు.

సంఘటనల వరుస

ప్రింట్ అనే మెథడ్‌ను పిలవగానే ముందు బిగిన్‌ప్రింట్ సంఘటన ఒకసారి నడుస్తుంది. తర్వాత ప్రతి కాగితానికీ క్వెరీపేజ్‌సెట్టింగ్స్, ప్రింట్‌పేజ్ జంటగా నడుస్తాయి. అంతా అయ్యాక ఎండ్‌ప్రింట్. ప్రింట్‌పేజ్‌లో రాసిన కోడ్‌కు ఒక ఖాళీ కాగితం దొరుకుతుంది. దాని మీద గీసేసి, ఇంకా మిగిలితే హ్యాజ్‌మోర్‌పేజెస్ అనే జెండాను ట్రూ చేయాలి. ట్రూ అయితే అదే సంఘటన కొత్త కాగితంతో మళ్లీ వస్తుంది. ఫాల్స్ అయితే కథ ముగుస్తుంది.

అంటే ఏ వరుస దాకా గీశామన్న సంగతి పేజీల మధ్య ఎక్కడో గుర్తుండాలి. అందుకు ఫార్మ్‌లో ఒక వేరియబుల్ పెట్టడం అందరూ చేసేదే. అదే వేరియబుల్ అందరినీ ముంచుతుంది కూడా. ఫార్మ్ తెరిచినప్పుడు దానికి సున్నా ఇచ్చారనుకుందాం. గుమస్తా 43 సరుకుల బిల్లుకు ప్రివ్యూ తెరుస్తాడు. ప్రివ్యూ తయారీకి ప్రింట్‌పేజ్ నిజంగానే నడుస్తుంది, వేరియబుల్ 43కు చేరుతుంది. ప్రివ్యూ చక్కగా ఉంది కాబట్టి అక్కడే ప్రింటర్ బొమ్మ నొక్కుతాడు. ముద్రణ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది గాని వేరియబుల్ 43 దగ్గరే ఉంది. బయటికొచ్చిన కాగితం మీద దుకాణం పేరు ఉంటుంది, పట్టిక శీర్షికలు ఉంటాయి, మొత్తం కూడా ఉంటుంది. ఒక్క సరుకూ ఉండదు. ప్రివ్యూలో సరిగా ఉండి కాగితం మీద ఖాళీగా వస్తోందన్న ఫిర్యాదు వింటే మొదట అనుమానించాల్సింది దీన్నే. లెక్కలన్నిటినీ సున్నా చేయాల్సిన చోటు బిగిన్‌ప్రింట్. ప్రివ్యూకైనా, అసలు ముద్రణకైనా ఆ సంఘటన తప్పకుండా నడుస్తుంది.

దీనికి తిరగబడ్డ తప్పు జెండా ఎప్పటికీ ఫాల్స్ కాకపోవడం. ఒక సరుకు వివరణ పేజీ కన్నా పొడుగైంది, అది ఈ పేజీలో పట్టదని కోడ్ తర్వాతి పేజీకి పంపింది, అక్కడా పట్టదు, దాని తర్వాతా పట్టదు. ఖాళీ కాగితాలు వరసగా బయటికొస్తుంటాయి, ఎవరో పరుగెత్తి ప్రింటర్ స్విచ్ ఆపుతారు. కొత్త పేజీలో మొదటి వరుస ఎంత పొడుగైనా సరే కనీసం దాన్ని గీసి తీరాలి, లేదా దాన్ని ముక్కలు చేయాలి. ఈ ఒక్క షరతు రాసి ఉంటే చాలు, అనంతంగా కాగితాలు రావు.

ఫాంటులు, పెన్నులు, బ్రష్షుల సంగతీ ఇక్కడే. ప్రతి పేజీలో కొత్త ఫాంటు సృష్టించి వదిలేసే కోడ్ చిన్న బిల్లులకు నడిచిపోతుంది. నెలాఖరున వందల బిల్లులు ఒకేసారి తీసేటప్పుడు అలా వదిలేసిన ఆబ్జెక్టులు పోగుపడుతూ పోతాయి. బిగిన్‌ప్రింట్‌లో ఒకసారి తయారుచేసి ఎండ్‌ప్రింట్‌లో వదిలించుకోవడమే పద్ధతి.

ముందు లెక్క, తర్వాత గీత

చాలా పుస్తకాల్లో ఉదాహరణలు ప్రింట్‌పేజ్‌లోనే ఒక వరుస గీయడం, కింద చోటుందా చూడటం, లేకపోతే జెండా ఎత్తడం అన్నట్టు సాగుతాయి. రెండు పేజీల జాబితాకు అది సరిపోతుంది. బిల్లుకు సరిపోదు. అడుగున ‘మొత్తం 3 పేజీల్లో 1వది’ అని రాయాలంటే మొదటి కాగితం గీసేటప్పటికే మూడు పేజీలని తెలియాలి. గీసుకుంటూ పోయే కోడ్‌కు ఆ సంగతి చివరి కాగితం దగ్గరగాని తెలియదు.

సరైన దారి పనిని రెండుగా విడగొట్టడం. బిగిన్‌ప్రింట్‌లోనే సరుకులన్నిటినీ కొలిచి, ఏ సరుకు ఏ పేజీలో ఏ ఎత్తులో పడుతుందో ఒక జాబితాగా కట్టేయాలి. ప్రింట్‌పేజ్ ఆ జాబితాలోంచి తన పేజీ తీసుకుని గీస్తుంది, అంతే. అక్కడ ఇక నిర్ణయాలేమీ ఉండవు. కొలవడానికి బిగిన్‌ప్రింట్‌లో గ్రాఫిక్స్ ఆబ్జెక్టు రాదు గదా అంటే, ప్రింటర్‌సెట్టింగ్స్‌లో క్రియేట్‌మెజర్‌మెంట్‌గ్రాఫిక్స్ అనే మెథడ్ ఉన్నది ఇందుకే. తెర గ్రాఫిక్స్‌తో కొలిచి ప్రింటర్ మీద గీయడం మాత్రం చేయకూడదు. తెర మీద అంగుళానికి 96 చుక్కలు, లేజర్ ప్రింటర్ మీద 600. అక్షరాలను చుక్కలకు సర్దడంలో వచ్చే చిన్న తేడాలు వాక్యం పొడవునా పోగుపడి, తెర లెక్కలో ఒక వరుసలో పట్టిన పేరు కాగితం మీద రెండో వరుసకు జారుతుంది.

ఎరువుల బిల్లుకు లెక్క ఇలా ఉంటుంది. పట్టిక వెడల్పు 627. అందులో క్రమసంఖ్యకు 40, సరుకు పేరుకు 287, పరిమాణానికి 80, ధరకు 100, మొత్తానికి 120. మొదటి పేజీలో దుకాణం పేరు, చిరునామా, కొనుగోలుదారు వివరాలకు 150 యూనిట్ల ఎత్తు, పట్టిక శీర్షికకు 30, అడుగున పేజీ సంఖ్యకు, ‘తర్వాతి పేజీకి’ అనే మొత్తానికి కలిపి 90. మొత్తం 969లో ఇవి పోగా 699 మిగులుతుంది. ఒక్కో సరుకుకు 28 అనుకుంటే 24 వరుసలు పడతాయి. రెండో పేజీ నుంచి పైన దుకాణం పేరు చిన్న అక్షరాల్లో ఉంటే చాలు కాబట్టి 150 బదులు 40 సరిపోతుంది, 28 వరుసలు పడతాయి.

ఇప్పుడు 52 సరుకుల బిల్లు వచ్చింది. మొదటి పేజీలో 24, రెండో పేజీలో 28, సరిగ్గా అయిపోయాయి. కాని బిల్లు చివర పన్ను వివరాలు, మొత్తం, సంతకం జాగా కలిసి ఇంకో 120 యూనిట్లు కావాలి. రెండో పేజీలో మిగిలింది 25. దాంతో మూడో కాగితం మీద సరుకులేమీ లేకుండా ఒక్క మొత్తమే ఒంటరిగా వచ్చి పడుతుంది. కొనుగోలుదారు చేతిలో ఆ కాగితం విడిగా ఉంటే అది దేనికి మొత్తమో తెలియదు. నిజానికి ఇది అందం గురించిన పట్టింపు కాదు. ఆడిటరు దగ్గర ఇలాంటి కాగితం తగువు తెచ్చిపెడుతుంది. అందుకే పేజీలు కట్టే కోడ్‌లో ఒక నియమం ఉండాలి: చివరి మొత్తంతోపాటు కనీసం రెండు సరుకులైనా ఉండాలి. అప్పుడు రెండో పేజీ 26 వరుసల దగ్గర ఆగి, మిగిలిన రెండు సరుకులూ మొత్తంతో కలిసి మూడో పేజీకి వెళతాయి. గీసుకుంటూ పోయే పద్ధతిలో ఈ నియమం రాయడం దాదాపు అసాధ్యం. 27వ వరుస గీసేశాక వెనక్కి తీసుకోవడం కాగితం మీద కుదరదు.

వరుస ఎత్తు 28 అనడం కూడా సగం నిజమే. సరుకు పేరు పొడుగైతే 287 యూనిట్లలో పట్టక రెండు లైన్లవుతుంది. కాబట్టి ప్రతి సరుకునూ మెజర్‌స్ట్రింగ్‌తో విడిగా కొలవాలి. ఆ మెథడ్‌కు చోటు కొలతలిస్తే ఎన్ని అక్షరాలు పట్టాయో, ఎన్ని లైన్లయ్యాయో తిరిగి చెబుతుంది. ఒక చిన్న మెలిక ఉంది: మామూలుగా అది మాటకు ఇరువైపులా కాస్త ఖాళీ కలిపి కొలుస్తుంది. ముక్కలను పక్కపక్కనే పేర్చేటప్పుడు ఆ ఖాళీ తేలిపోతుంది. స్ట్రింగ్‌ఫార్మాట్‌లో జెనెరిక్‌టైపోగ్రాఫిక్ వాడితే ఆ ఖాళీ పోతుంది. కొలిచేటప్పుడు ఏ స్ట్రింగ్‌ఫార్మాట్ వాడితే గీసేటప్పుడూ అదే వాడాలన్నది చెప్పనక్కర్లేదు గాని, తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. పొడుగాటి షరతుల పేరాలను పేజీ అడుగున ముద్రించేటప్పుడు లైన్‌లిమిట్ అనే ఫ్లాగు పెడితే చివరి లైను సగం కనపడి సగం తెగకుండా, పట్టే పూర్తి లైన్లే వస్తాయి.

ప్రతుల విషయంలోనూ ఈ విభజన అక్కరకొస్తుంది. 2017 నాటి సీజీఎస్టీ నిబంధనల్లో 48వది సరుకుల ఇన్‌వాయిస్‌కు మూడు ప్రతులు ఉండాలంటుంది: అసలుది కొన్నవారికి, రెండోది రవాణాదారుకు, మూడోది అమ్మినవారికి. సేవలకైతే రెండు. ప్రింటర్‌సెట్టింగ్స్‌లో కాపీలు 3 అని పెడితే ఒకేలాంటి మూడు కాగితాలొస్తాయి. వాటి నెత్తిన రాయాల్సిన మాటలు వేరువేరు. పేజీల జాబితా ముందే కట్టి ఉంటే అదే జాబితాను మూడుసార్లు తిరిగి, ప్రతిసారీ పై మాటను మాత్రం మార్చి గీయవచ్చు. పేజీ సంఖ్య ప్రతి ప్రతికీ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అలాగే డైలాగ్‌లో 2 నుంచి 3 పేజీలే కావాలని వాడుకరి అడిగితే ప్రింట్‌డాక్యుమెంట్ తనంతట తాను మిగతా పేజీలను వదిలేయదు. ఏవి గీయాలో కోడ్ చూసుకోవాలి. జాబితా చేతిలో ఉంటే అది ఒక్క లైను పని.

తెలుగు అక్షరం

ఇంగ్లిష్ బిల్లు కోసం రాసిన కోడ్‌లో తెలుగు పేర్లు పెట్టగానే రెండు మూడు చోట్ల విరిగిపోతుంది. మొదటిది వరుస ఎత్తు. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట వత్తు, దానితోపాటే ర వత్తు. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన 18 యూనిట్ల వరుసలో ఈ మాట పెడితే పట్టిక గీత వత్తుల మీదుగా పోతుంది. ఎత్తును చేతితో రాయకుండా ఫాంటులోని గెట్‌హైట్ మెథడ్‌కు ప్రింటర్ గ్రాఫిక్స్‌నిచ్చి అడగాలి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుకూ, విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐకీ, ఉచితంగా దొరికే మండలి, రామభద్ర లాంటివాటికీ ఒకే పాయింటు సైజులో వచ్చే ఎత్తు ఒకటి కాదు. ఫాంటు మార్చితే పేజీల లెక్కంతా మారుతుంది. దుకాణం కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే విండోస్ చడీచప్పుడు లేకుండా ఇంకోటి పెడుతుంది. అందుకే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే ఫాంటు ఉందో లేదో చూసుకుని, లేకపోతే చెప్పడం మేలు.

రెండోది మాటను కోయడం. పేరు పొడుగైతే మొదటి 20 అక్షరాలు తీసుకోమని సబ్‌స్ట్రింగ్‌కు చెప్పడం పాత అలవాటు. యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు, ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ‘రాష్ట్రం’ ఎనిమిది. కోత నాలుగో సంకేతం తర్వాత పడితే మొదటి లైను చివర ‘రాష్’ అని పొల్లు తేలుతుంది, రెండో లైను ‘ట్రం’తో మొదలవుతుంది. కోత ఖాళీ దగ్గరే పడాలి. తప్పనిసరై మాట మధ్యలో కోయాల్సి వస్తే పొల్లుకు ముందుగాని, తర్వాతగాని, గుణింతపు గుర్తుకూ సున్నాకూ ముందుగాని కోయకూడదన్న నియమం రాసుకోవాలి.

మూడోది ఖాళీలతో వరుసలు సర్దడం. ఇంగ్లిష్‌లో సమాన వెడల్పు ఫాంటు వాడి, ప్రతి పేరుకూ 30 అక్షరాలయ్యేదాకా ఖాళీలు కలిపితే నిలువు వరుసలు తీరుగా వస్తాయి. తెలుగులో ‘ఠ’ వెడల్పూ ‘మ’ వెడల్పూ ఒకటి కాదు, పైగా సంకేతాల లెక్కకూ కనపడే అక్షరాల లెక్కకూ పొంతన లేదు. ప్రతి గడికీ ఒక దీర్ఘచతురస్రం ఇచ్చి అందులో గీయడం తప్ప దారి లేదు.

డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా నడిచిన అను ఫాంట్లు ఈ ప్రోగ్రాముల్లో పనికిరావు. అవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను దాచుకున్న ఫాంట్లు. డేటాబేసులో యూనికోడ్‌లో ఉన్న పేరును వాటితో ముద్రించాలంటే మధ్యలో మార్పిడి కోడ్ కావాలి. శుభలేఖ అందం కావాలనుకునేవారికి ఆ శ్రమ సరే గాని బిల్లుకు అవసరం లేదు. ఇంకో సంగతి, తెర మీద మాటలు గీయడానికి టెక్స్ట్‌రెండరర్ బాగా పనిచేస్తుంది గాని ముద్రణకు దాన్ని వాడకూడదని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషనే చెబుతుంది. కాగితం మీదికి డ్రాస్ట్రింగే.

అంకెలు, అక్షరాల్లో మొత్తం

సొమ్ము గడిలో అంకెలు కుడివైపు అంచుకు ఆని ఉండాలి. స్ట్రింగ్‌ఫార్మాట్‌లో అలైన్‌మెంట్‌ను ఫార్‌గా పెడితే అది జరుగుతుంది. పైసలకు ఎప్పుడూ రెండు స్థానాలు చూపిస్తే చుక్కలు ఒకదాని కింద ఒకటి పడతాయి. కామాలు మాత్రం కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగును బట్టి మారతాయి. ఒక యంత్రం మీద 12,34,567.00 అని వచ్చిన బిల్లు ఇంకో యంత్రం మీద 1,234,567.00 అని వస్తుంది. తెలుగు-భారత్ కల్చర్‌ను కోడ్‌లోనే పేర్కొంటే ఎక్కడైనా లక్షల కామాలే వస్తాయి.

మొత్తాన్ని అక్షరాల్లో రాసే భాగం దగ్గర ఇంగ్లిష్ కోడ్‌ను అనువదించి వాడితే నవ్వులపాలే. ఇంగ్లిష్‌లో ముక్కలు మారవు, తెలుగులో మారతాయి. పెళ్లి చదివింపుల్లో అందరికీ తెలిసిన 1,116 తీసుకుంటే, వెయ్యి, వంద, పదహారు అని ముక్కలు కలిపే కోడ్ ‘వెయ్యి వంద పదహారు’ అని రాస్తుంది. అలా ఎవరూ అనరు. వంద తర్వాత ఇంకా అంకె ఉంటే అది ‘నూట’ అవుతుంది, 1,116 వెయ్యి నూట పదహారు అవుతుంది. రెండు వందల తర్వాత ఏమీ లేకపోతే ‘రెండు వందలు’, ఇంకా ఉంటే ‘రెండు వందల’. లక్ష, లక్షలు, లక్షల కూడా అంతే. కాబట్టి ప్రతి స్థానానికీ రెండు రూపాలు, ఒకటికి వేరే రూపం పట్టికలో పెట్టుకుని, తర్వాత ఏమైనా మిగిలిందా అన్నది చూసి ఎంచుకోవాలి.

అంచులు, ప్రివ్యూ

లేజర్ ప్రింటర్ కాగితం అంచు దాకా ముద్రించలేదు. నాలుగు వైపులా కొన్ని మిల్లీమీటర్లు దాని చేతికందదు. మార్జిన్‌బౌండ్స్ కాగితం అసలు మూల నుంచి కొలిచినది. గ్రాఫిక్స్‌లో సున్నా బిందువు మాత్రం మామూలుగా ముద్రించగలిగిన ప్రాంతం మూల దగ్గర ఉంటుంది. ఫలితంగా అంగుళం మార్జిన్ అనుకున్నది కాగితం మీద అంగుళానికి కాస్త ఎక్కువై, బిల్లంతా కుడికీ కిందికీ జరిగి వస్తుంది. ప్రివ్యూలో ఈ తేడా కనపడదు. ఖాళీ కాగితం మీద ఎవరూ గమనించరు గాని, ముందే అచ్చువేసిన బిల్లు పుస్తకం గడుల్లో అంకెలు నింపేటప్పుడు ప్రతి అంకె గీత మీద పడుతుంది. అసలు ముద్రణ అయినప్పుడు మాత్రం హార్డ్‌మార్జిన్‌ఎక్స్, హార్డ్‌మార్జిన్‌వై విలువలంత వెనక్కి జరపాలి. ఇది ప్రివ్యూనా ముద్రణా అన్నది బిగిన్‌ప్రింట్‌కు వచ్చే ప్రింట్‌యాక్షన్ చెబుతుంది.

పేజ్ సెటప్ డైలాగ్‌లో మన దేశపు కంప్యూటర్లలో తప్పకుండా తగిలే ఒక గుంట ఉంది. మెట్రిక్ కొలతల ప్రాంతాల్లో ఆ డైలాగ్ మార్జిన్లను మిల్లీమీటర్లలో చూపిస్తుంది, కాని డాట్‌నెట్ వాటిని అంగుళంలో నూరో వంతులుగానే తీసుకుంటుంది. 25.4 మిల్లీమీటర్లుగా కనపడాల్సిన అంగుళం మార్జిన్ 10 మిల్లీమీటర్లుగా కనపడుతుంది. వాడుకరి డైలాగ్ తెరిచి ఓకే నొక్కిన ప్రతిసారీ మార్జిన్ కుంచించుకుపోతుంది. ఎనేబుల్‌మెట్రిక్ అనే ప్రాపర్టీని ట్రూ చేస్తే సరిపోతుంది. ఇది డీఫాల్ట్‌గా ఎందుకు ఫాల్స్‌గా ఉందో అర్థం కాని విషయమే.

ఒకే పనిలో కొన్ని పేజీలు అడ్డంగా ఉండాలంటే ఆ మార్పు క్వెరీపేజ్‌సెట్టింగ్స్‌లో చేయాలి. ప్రింట్‌పేజ్ నడిచేసరికి ఆ కాగితం రూపం ఖాయమైపోయి ఉంటుంది.

రోలు కాగితం, చిల్లుల కాగితం

కిరాణా కొట్ల థర్మల్ ప్రింటర్లలో ఎక్కువగా కనపడేవి 80 మిల్లీమీటర్ల రోలు, 58 మిల్లీమీటర్ల రోలు. ముద్రించే వెడల్పు మాత్రం 72, 48 మిల్లీమీటర్లే. మిల్లీమీటరుకు 8 చుక్కల లెక్కన 576 చుక్కలు, 384 చుక్కలు. పెద్ద రోలు మీద పని చేసే చోటు 283 యూనిట్లు. ఇక్కడ పేజీ పొడవు అన్నది ముందే ఉండదు, సరుకులను బట్టి వస్తుంది. పైభాగం 90, సరుకుకు 22 చొప్పున 12 సరుకులు, చివర 60 అయితే మొత్తం 414, అంటే దాదాపు 105 మిల్లీమీటర్లు. ఆ పొడవుతో కొత్త పేపర్‌సైజ్ తయారుచేసి ఇస్తే కాగితం వృథా కాదు. పేజీ లెక్క ముందే కట్టే పద్ధతిలో ఈ కూడిక ఊరికే వస్తుంది. ఈ ప్రింటర్లలో లోపల ఉండే అక్షరాల్లో సాధారణంగా తెలుగు ఉండదు కాబట్టి తెలుగును డ్రైవర్ ద్వారా బొమ్మగానే పంపాలి. సైజు తగ్గించడంలో అత్యాశ పనికిరాదు: 8 పాయింట్ల అక్షరానికి 600 చుక్కల లేజర్ మీద 67 చుక్కల ఎత్తు దొరికితే ఇక్కడ 23 కూడా దొరకవు. వత్తులు ముద్దయిపోతాయి. 10 పాయింట్లకు తగ్గకుండా, బూడిద రంగు జోలికి పోకుండా ఉంటే చదవగలిగేట్టు వస్తుంది.

కార్బన్ ప్రతులు కావాల్సిన చోట డాట్ మ్యాట్రిక్స్ ఇంకా బతికే ఉంది, ఎందుకంటే సూదులతో గుద్దే ప్రింటర్ తప్ప ఇంకేదీ కింది కాగితం మీద ముద్ర వేయలేదు. ఇంగ్లిష్ బిల్లయితే గ్రాఫిక్స్ వదిలేసి, నేరుగా అక్షరాలు పంపడం ఎన్నో రెట్లు వేగం: అంగుళానికి 10 అక్షరాలు, 6 వరుసలు, పేజీ చివర ఫారం ఫీడ్ అనే 12వ సంకేతం. తెలుగు కావాలంటే మళ్లీ బొమ్మే, నెమ్మదే. ఈ కాగితాల్లో పొడవు తప్పు చెప్పడం చాలా మామూలు. చిల్లుల కాగితం 12 అంగుళాలది, డ్రైవర్‌లో ఏ4 అని ఉంది. ఏ4 11.69 అంగుళాలు. ఒక్కో పేజీకి 0.31 అంగుళం వెనకబడుతూ, పది పేజీలు అయ్యేసరికి 3 అంగుళాలకు పైగా జరిగి, మొత్తం సరిగ్గా చిల్లుల గీత మీద పడుతుంది. కొన్ని డ్రైవర్లు కోడ్ ఇచ్చే కొత్త సైజును పట్టించుకోవు. అప్పుడు విండోస్ ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో ఆ ఫారాన్ని నమోదు చేసి పేరుతో ఎంచుకోవాలి.

వేరే భాషల్లో

జావాలో యూనిట్ అంగుళంలో 72వ వంతు, ఏ4 అంటే 595 వెడల్పు, 842 ఎత్తు. అక్కడ ప్రింటబుల్ ఇంటర్‌ఫేస్ ఒకే పేజీని రెండు మూడుసార్లు అడిగే అవకాశం ఉందని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. పిలిచిన ప్రతిసారీ వరుస లెక్కను ముందుకు జరిపే కోడ్ అక్కడ సరుకులను మింగేస్తుంది. పేజీ సంఖ్య చూసి జాబితాలోంచి తీసుకునే కోడ్‌కు ఏమీ కాదు. డబ్ల్యూపీఎఫ్‌లో యూనిట్ 96వ వంతు. అక్కడి ఫ్లోడాక్యుమెంట్ పేరాలను తానే పేజీలు చేస్తుంది, కాబట్టి ఉత్తరాలకు, నివేదికలకు అది హాయి. చివరి మొత్తంతో రెండు సరుకులుండాలన్నటువంటి నియమాలకు మాత్రం సొంత పేజినేటర్ రాయాల్సిందే. క్యూటీలో క్యూపెయింటర్‌తో గీసి, పేజీ మారాలనుకున్న చోట న్యూపేజ్ పిలవాలి. విండోస్ బయట డాట్‌నెట్ 7 నుంచి సిస్టమ్ డ్రాయింగ్ అసలు నడవదు. లినక్స్ మీద నడవాల్సిన ప్రోగ్రామ్ అయితే పీడీఎఫ్ తయారుచేసి దాన్ని ముద్రించడం మేలు.

పరీక్ష

సరుకులు ఒకటీ లేని బిల్లు, ఒకటే ఉన్నది, 24 ఉన్నది, 25 ఉన్నది, 52 ఉన్నది, 53 ఉన్నది, పేరు నాలుగు లైన్లు పట్టే సరుకు ఒకటి. ఈ ఏడూ దాటితే పేజీల లెక్క నిలబడ్డట్టే. 2015లో విండోస్ 10తో వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌తో వీటిని కాగితం ఖర్చు లేకుండా చూడవచ్చు. అయితే దానికి లేజర్ ప్రింటర్‌లా అందని అంచులు లేవు కాబట్టి హార్డ్ మార్జిన్ తప్పు అందులో బయటపడదు. దానికి ఒక్క కాగితమైనా నిజంగా తీయాలి. అచ్చు బిల్లు మీద దాన్ని పెట్టి రెండూ కలిపి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే గడులు కలిశాయో లేదో తెలుస్తుంది. తర్వాత స్కేలుతో పట్టిక వెడల్పు కొలవాలి. 627 యూనిట్ల పట్టిక 159 మిల్లీమీటర్లు రావాలి. 153 వచ్చిందంటే కోడ్ తప్పు కాదు, డ్రైవర్‌లో పేజీకి సరిపడేలా కుదించే ఆప్షన్ ఎవరో ఆన్ చేసి ఉంచారు.